వస్తాదు మోసిన మట్టి

తీరిక లేదంటావా? నీ ఒళ్ళు చూసుకోవడానికి నీకే తీరిక లేకపోతే, రేపు నువ్వు మంచాన పడ్డాక నిన్ను చూసే తీరిక ఎవరికుంటుంది? ఆ మాట నా ముందు ఇంకోసారి అనకు. అలా అనే హక్కు గౌరినాయుడికి ఉండేది. అతను అనలేదు. అతను చేసిన తప్పు వేరే. విను.

నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో కూర్మయ్య వస్తాదు సాముశాల నడిపేవాడు. తాటాకు కప్పు కింద కుస్తీ గోదా, గోడ పొడుగునా మేకులు. జాతరలో సంగిడి రాయి ఎత్తి గెలిచినవాడికి ఊరు వెండి కడియం తొడిగేది. గెలిచినవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోడు. గురువు చేతికిస్తాడు. గురువు దాన్ని ఒక మేకుకు తగిలిస్తాడు. ఆ మేకు ఇక జన్మంతా అతనిదే. అది అక్కడి ఆచారం.

ఆ గోడ మీద గౌరినాయుడి కడియం కూడా ఉండేది. అది పెళ్ళి కాకముందు మాట.

తరవాత పెళ్ళయింది, కూతురు పుట్టింది. పిల్ల మాటలు నేర్చే వేళకి పెళ్ళాం ఆదెమ్మ విషజ్వరంతో పోయింది. మళ్ళీ చేసుకోమని అందరూ అన్నారు. అతను వినలేదు. పొద్దున్నే లేచి గంజి కాచేవాడు, పిల్లకి నీళ్ళు పోసి జడ వేసేవాడు, పక్కింటి ముసలమ్మ దగ్గర దించి జూట్ మిల్లుకి పరుగెత్తేవాడు. సాయంత్రం వచ్చి వండేవాడు. పిల్ల కంచంలో వదిలేసిన అన్నం పారెయ్యడానికి మనసొప్పక తనే తినేవాడు. సాము మానేశాడు. కండ కరిగింది, పొట్ట పెరిగింది.

ఒకరోజు కూతురు ముత్యాలుకి జ్వరం కాసింది. భుజాన వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. ఏటిగట్టు సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. గట్టు మీద చతికిలబడ్డాడు.

ఒళ్ళు కాలిపోతున్న పిల్ల అతని చెంప మీద చెయ్యి వేసింది. "నాయినా, నన్ను దించెయ్. నేను నడుస్తాన్లే. నువ్వు కూకో."

గౌరినాయుడికి ఆ మాట గుండెలో దిగబడింది. ఈ పిల్లకి నేను తప్ప దిక్కు లేదు. నేనే కూలబడితే?

జ్వరం తగ్గిన మర్నాడు తెల్లవారుజామున సాముశాలకి వెళ్ళాడు. తోటి శిష్యుడు దాలినాయుడు అతని పొట్ట తడిమి, "ఎన్నో నెల బావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

కూర్మయ్య నవ్వలేదు. పార తెచ్చి గౌరినాయుడి చేతికిచ్చాడు. "మట్టి తిరగెయ్."

గోదా తవ్వడం కొత్తగా చేరినవాళ్ళ పని. గౌరినాయుడు గోడ మీది కడియం వైపు ఒకసారి చూశాడు. తవ్వడం మొదలుపెట్టాడు.

రోజూ వచ్చేవాడు. మట్టి తవ్వేవాడు, దండీలు తీసేవాడు, బస్కీలు తీసేవాడు. ఊపిరి నిలబడసాగింది. కానీ వీధిలో ఎక్కడ పిల్ల ఏడ్చినా దండీ మధ్యలో తల ఎత్తేవాడు. కూర్మయ్య అది చూశాడు.

"ఇంటి దగ్గర పిల్లని ఎవరు చూస్తున్నార్రా?"

"పక్కింటామె చూస్తాదండి."

"ఈ వేళప్పుడా?"

"అవునండి."



మర్నాడు గురువు సాముశాలకి రాలేదు. దాలినాయుడే అందరిచేతా సాము చేయించాడు. గౌరినాయుడు ఎప్పటిలాగే ముగించుకుని ఇంటికి పరుగెత్తాడు. తన ఇంటి అరుగు మీద గురువు కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక తలుపుకి బయటినుంచి గొలుసు పెట్టి ఉంది. కిటికీ ఊచల్లోంచి చిన్న చెయ్యి బయటికొచ్చి ఆయన తెల్ల గుబురు మీసం పట్టుకుని ఉంది. తలుపు బాది బాది ఆ అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

"తాతా, నువ్వు వెళ్ళిపోవు కదా?" అంటోంది పిల్ల. గొంతు ఏడ్చి బొంగురుపోయింది.

"వెళ్ళనమ్మా. మీసం నీ చేతిలోనే ఉంది కదా, ఎలా వెళ్తాను?" అన్నాడు కూర్మయ్య. తరవాత శిష్యుడి వైపు తిరిగాడు. "పక్కింటామె ఏదిరా?"

గౌరినాయుడు తల దించుకున్నాడు. ముసలమ్మ రోజూ తెల్లవారకముందే కూరల బుట్ట ఎత్తుకుని సంతకి పోతుంది. అతను మిల్లుకి బయల్దేరే వేళకి గాని తిరిగి రాదు.

"ఆడపిల్లని సాముశాల గడప తొక్కనివ్వరు కదండీ," అన్నాడు చివరికి. "ఆ నియమం పెట్టింది మీరే."

కూర్మయ్య పిల్ల చేతిలోంచి మీసం మెల్లగా విడిపించుకున్నాడు. లేచి తలుపు గొలుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చెక్క పెళ్ళతో సహా ఊడి వచ్చింది. తలుపు తెరుచుకుంది. పిల్ల పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళు వాటేసుకుంది.

"నియమం నాదే," అన్నాడు గురువు. గొలుసు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాముశాలకి వెళ్ళి గౌరినాయుడి కడియం మేకు నుంచి తీశాడు. దాలినాయుడికిచ్చి, "వాడికి ఇచ్చిరా. పిల్లని బంధించి సాము చేసేవాడి కడియం ఇక్కడ ఉండదు" అన్నాడు. ఖాళీ అయిన మేకుకి ఆ గొలుసు తగిలించాడు.

మర్నాడు వెలుగు వచ్చీరాకముందే వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. కూర్మయ్య వస్తాదు తలమీద గంపతో వస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. నిన్నటిదాకా ఎవరింటికీ మంచినీళ్ళకైనా వెళ్ళి ఎరగడు. గౌరినాయుడి పెరట్లోకి నడిచి గంప బోర్లించాడు. గోదా మట్టి. నూనె, పసుపు కలిసిన వాసన పెరడంతా పరుచుకుంది.

మళ్ళీ గంప ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. గౌరినాయుడు అడ్డం వెళ్ళి గంప పట్టుకున్నాడు.

"గురువుగారూ, నేను మోస్తానండి. మీకు దణ్ణం పెడతాను."

"వదులు. పిల్ల తల రేగిపోయింది. కూర్చుని జడ వెయ్యి."

"ఇది చూడలేనండి!"

"నియమం నాది. మోత కూడా నాదే."

శిష్యులు పరుగెత్తుకొచ్చారు. ఎవరినీ గంప ముట్టుకోనివ్వలేదు. సాముశాల నుంచి పెరటికి, పెరటి నుంచి సాముశాలకి తిరుగుతూనే ఉన్నాడు. మెడ నరాలు తేలాయి. గౌరినాయుడు అరుగు మీద కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు. పాయలు తప్పిపోతుంటే విప్పి మళ్ళీ అల్లుతున్నాడు. గురువుచేత మట్టి మోయించిన శిష్యుడు ఆ జిల్లాలో అంతకుముందు లేడు.

చిన్న గోదాకి సరిపడా మట్టి చేరింది.

"తాతా, ఇందులో నేను దిగొచ్చా?" అంది ముత్యాలు.

"ఇది నీ గోదా తల్లీ. దిగు."

కూర్మయ్య పార తీసి గౌరినాయుడి చేతికిచ్చాడు. "రోజూ తిరగెయ్. తవ్వని మట్టి రాయైపోద్ది."

ఆ రోజు మొదలు గౌరినాయుడు పెరట్లోనే సాము చేశాడు. గంజి పొయ్యి మీద ఉడుకుతుంటే మట్టి తవ్వేవాడు. గంజి ఆరేలోగా దండీలు తీసేవాడు. పిల్ల నిద్ర లేచి వీపు మీద ఎక్కి కూర్చుంటే దించేవాడు కాదు. ఆమె కంచంలో మిగిలిన అన్నం కోళ్ళకి వేసేవాడు. మిల్లు పని మానలేదు. పిల్ల జడ ఒక్కరోజూ వెయ్యకుండా ఉండలేదు. పిల్లకి అదే జ్వరం మళ్ళీ వచ్చినప్పుడు భుజాన వేసుకుని ఏటిగట్టు ఆగకుండా ఎక్కాడు. తీరిక లేదనేవాళ్ళు ఈ మనిషిని తలుచుకోవాలి.

పొట్ట పోయింది. కండ కట్టింది. కొన్నేళ్ళకి జాతరలో మళ్ళీ సంగిడి ముందు నిలబడ్డాడు. వయసులో ఉన్న కుర్రాళ్ళు కదపలేని రాయిని మోకాలికి తెచ్చాడు, రొమ్ముకి తెచ్చాడు, నెత్తికెత్తి నిలబెట్టాడు. డప్పులు ఆగిపోయాయి.

జనం ముందు వరసలోంచి ముత్యాలు కేక పెట్టింది. "ఇంక దించెయ్ నాయినా! గెలిచేశావు!"

జాతర జాతరంతా నవ్వింది. దాలినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఊరు కడియం తొడిగింది. ఆచారం ప్రకారం అందరూ సాముశాలకి వెళ్ళారు. ముత్యాలు గడప బయట ఆగింది. కూర్మయ్య ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు.

తరవాత ఆయన కడియం అందుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. గొలుసు తియ్యడానికి చెయ్యి ఎత్తాడు.

గౌరినాయుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండి గురువుగారూ. నా మేకు ఖాళీ లేదు."

కూర్మయ్య అతని మొహంలోకి చూశాడు. చెయ్యి దించాడు.

ఆ గోడ మీద గెలిచినవాళ్ళందరి కడియాలూ ఉన్నాయి. రెండుసార్లు గెలిచిన గౌరినాయుడి కడియం లేదు. అతని మేకుకి తలుపు గొలుసే వేలాడుతోంది.