పుట్టని కొడుక్కి తీతువు చెప్పిన బుద్ధులు

అనగనగా ఒక అడవి, ఆ అడవి పక్కనే ఒక వాగు. మన కథ మాత్రం అడవి లోపల జరగదు. వాగు ఒడ్డున, ఎండకు కాలిపోయే గులకరాళ్ళ మీద జరుగుతుంది. ఎందుకో తెలుసా? ఈ కథలో అమ్మ తీతువు పిట్ట. తీతువుకు కొమ్మ మీద కూర్చోవడం చేతకాదు. గూడు అల్లడమూ రాదు. రాళ్ళ మధ్య కాలితో చిన్న గుంట చేసుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. పైన కప్పుండదు, చుట్టూ గోడుండదు. అలాంటి ఇంట్లో బిడ్డను కనాలంటే ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది మరి.

ఆ తీతువు పేరు నూకాలు. కొత్తగా కాపురానికొచ్చింది. మొగుడు గంగులు, పాపం నెమ్మదస్తుడు. నూకాలు ఇంకా గుడ్లే పెట్టలేదు. అయినా తనకు కొడుకు పుడతాడని మనసులో గట్టిగా అనేసుకుంది. కూతురైతేనేం అని మీరడుగుతారని నాకు తెలుసు. గంగులూ అదే అడిగాడు. కూతురైతే తనను చూసి నేర్చుకుంటుందట. కొడుకు పొద్దస్తమానం ముందు నిలబడి కాపలా కాయాలి కాబట్టి వాడికే గండాలెక్కువట.

ఇంక చూడండి ఆవిడ వరస. పొద్దున్నే లేచి ఖాళీ గుంటలో కూర్చునేది. లేని కొడుక్కి బుద్ధులు చెప్పడం మొదలెట్టేది. నీళ్ళ దగ్గరకు పోకూడదు, పాములుంటాయి. పైనుంచి నీడ పడితే కదలకూడదు, గద్ద అయ్యుంటుంది. అన్నిటికన్నా పెద్ద బుద్ధి ఇంకోటుంది. ఏం జరిగినా సరే, అమ్మ రెక్క కింద నుంచి బయటికి రాకూడదు.

"మరి వాడికి దాహమేస్తే?" అన్నాడు గంగులు ఒకరోజు.

నూకాలుకు ఆ సంగతే తోచలేదు. కాసేపు ఆలోచించింది, ఏమీ తేలక ఏడ్చేసింది. నవ్వకండి. మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మలు ఇంతకన్నా చిన్న వాటికే ఏడ్చుంటారు.

అప్పుడు అత్త, అంటే గంగులు తల్లి, నూకాలును దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. ఆ ముసలి తీతువు అదే ఒడ్డు మీద ఎందరో పిల్లల్ని పెంచింది. తీతువుల ఇళ్ళలో ఒక ఆచారం ఉందని కోడలికి చెప్పింది. శత్రువు కనబడగానే గుడ్ల మీద నుంచి చప్పుడు లేకుండా లేవాలి. తల వంచుకుని రాళ్ళలోంచి నడిచిపోవాలి. బాగా దూరం పోయాక అక్కడ గొంతు చించుకుని అరవాలి. అరుపు ఎక్కడుంటే గుడ్లు అక్కడున్నాయనుకుని వచ్చినవాడు అటు పోతాడు.

"గుడ్ల దగ్గర మాత్రం నోరు విప్పకమ్మా," అంది అత్త.

నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డను ఒంటరిగా వదిలేసి పోయేది కూడా తల్లేనా? పైకి సరే అత్తా అంది గానీ, లోపల ఒట్టు పెట్టుకుంది. తన కొడుక్కి అమ్మ గొంతు నెత్తిమీదే వినబడాలి. తను కదిలే ప్రసక్తే లేదు.

వాగు అవతల పుట్టలో ఒక ముసలి ఉడుము ఉండేది. దానికి గుడ్లంటే ప్రాణం. చూపు మసక, చెవులు మాత్రం పాము చెవులు.

మొదటిసారి ఆ ఉడుము తన దారిన తను పోతోంది. ఖాళీ గుంటలో కూర్చున్న నూకాలు దాన్ని చూసి ఒకటే అరుపు. ఉడుము ఆగింది. తల తిప్పి గుంట వైపు చూసింది. తర్వాత మెల్లగా వెళ్ళిపోయింది. నా అరుపుకే పారిపోయిందని నూకాలు పొంగిపోయింది. గంగులు మాత్రం అది పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఉడుము పారిపోయినట్టు అతనికి కనబడలేదు.

రెండోసారి ఉడుము దగ్గరకే వచ్చింది. నూకాలు ఎప్పట్లాగే బుద్ధులు చెప్పుకుంటోంది.

"ఎవరితోనమ్మా మాటలు?" అని ఉడుము మర్యాదగా అడిగింది.

కొడుకుతోనంది నూకాలు. ఏడీ అంటే ఇంకా పుట్టలేదంది.

"అయితే పుట్టాక కూడా వాడి పక్కనే కూర్చుని ఇలాగే మాట్లాడతావన్నమాట. మంచిదమ్మా," అని ఉడుము వెళ్ళిపోయింది.

మంచిదని ఎందుకంది? సాయంత్రానికి గానీ నూకాలుకు ఆ మాట వెనకున్నది తలకెక్కలేదు. తన గొంతు వింటే చాలు, గుడ్లెక్కడున్నాయో ఉడుముకు తెలిసిపోతుంది. ఎవరితోనూ చెప్పుకోలేదు, సిగ్గేసింది.

తర్వాత కొన్నాళ్ళకు గుడ్లు పెట్టింది. అచ్చం గులకరాళ్ళ రంగు, పక్కనే నిలబడ్డా పోల్చుకోలేం. ఇక్కడ ఇంకో గండం ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ ఒడ్డున ఎండ ఎంత తీవ్రమంటే, పైన నీడ లేకపోతే గుడ్డు లోపలే ఉడికిపోతుంది. అందుకే తల్లి గుడ్లకు నీడ పడుతూ నిలబడుతుంది. తండ్రి వాగులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాడు. ఇద్దరూ ఒకేసారి వదిలిపోవడానికి లేదు.

మూడోసారి ఉడుము మిట్టమధ్యాహ్నం వచ్చింది. గంగులు వాగుకు వెళ్ళాడు. ఉడుము రాళ్ళ మధ్య ఆగి నాలుక ఆడిస్తూ చెవులప్పగించింది. అది నూకాలు గొంతు కోసమే ఎదురుచూస్తోంది.

నాన్నా, కదలకు, అమ్మ ఇక్కడే ఉంది. ఆ మాట నూకాలు గొంతు దాకా వచ్చేసింది. నోరు తెరిస్తే ఉడుము సరాసరి ఇక్కడికే వస్తుంది. ఊరుకున్నా వెతుక్కుంటూ వస్తుంది. పోనీ లేచి పోదామంటే, పైన సూర్యుడు. ఉంటే ఉడుము, పోతే ఎండ. ఇన్నాళ్ళు చెప్పిన బుద్ధుల్లో ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు.

నూకాలు లేచింది.

తల వంచుకుని, చప్పుడు లేకుండా, రాళ్ళలోంచి నడిచింది. వెనక్కి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఎండ తన వీపు మీద కాదు, అక్కడ గుడ్ల మీద పడుతోందన్నదే ధ్యాస. వాగు మలుపు దాకా పోయింది. అక్కడ ఉత్త రాళ్ళ కుప్ప ఒకటుంటే దాని మీద కూర్చుని నోరు విప్పింది.

"నాన్నా, భయపడకు. అమ్మ నీ దగ్గరే ఉంది. రెక్క కింద నుంచి రాకు."

అది నటన కాదు పిల్లలూ. కొడుకు అక్కడ ఒంటరిగా ఉన్నాడు, తను ఇక్కడ ఉత్త రాళ్ళతో మాట్లాడుతోంది. నిజంగానే ఏడుస్తూ మాట్లాడింది. ఆ గొంతు విని ఉడుము ఇటు తిరిగింది. దగ్గరకొచ్చేదాకా కదల్లేదు నూకాలు. అది మీద పడగానే ఎగిరింది. తోక ఈకలు కొన్ని దాని నోట్లో ఉండిపోయాయి. ఉడుము రాళ్ళన్నీ తవ్వింది. ఏమీ లేదు. నూకాలు ఇంకాస్త అవతల కూర్చుని మళ్ళీ బుద్ధులు చెప్పింది. ఉడుము అక్కడా తవ్వింది, మళ్ళీ రాళ్ళే. ఈ పిచ్చిదానికి అసలు గుడ్లే లేవు, మొదటినుంచీ రాళ్ళతోనే మాట్లాడుతోందని విసుక్కుని వాగు దాటి పోయింది. మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు.

నూకాలు పరుగున వచ్చేసరికి గంగులు తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుని ఉన్నాడు.  ఈకలు ఊడిన ఆమె తోక చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

కొన్నాళ్ళకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కటి మాత్రం పగల్లేదు. ఆ ఎండకేనో, మరి దేనికో, ఎవరూ చెప్పలేరు. నూకాలు దాని పక్కన చాలాసేపు నిలబడింది.

బయటికొచ్చిన వాళ్ళలో ఒక కొడుకున్నాడు. తీతువు పిల్లలు పుట్టినరోజే నడుస్తాయి. వాడు లేచి, అమ్మ రెక్క పక్కకు నెట్టి, ఒక పురుగు వెంట పడి పోయాడు. నూకాలుకు భయం పోయిందనుకున్నారా? ఎక్కడ పోతుంది? కుక్క వచ్చినా, కాకి వాలినా బెదిరిపోయేది. అలా బెదిరినప్పుడల్లా వాడికి దూరంగా, గట్టు దాటి పోయి అరిచి వచ్చేది.

కొంచెం పెద్దయ్యాక కొడుకు అడిగాడు. "అంత దూరం పోయి అరుస్తావెందుకమ్మా? నా దగ్గరే అరవొచ్చుగా."

"అది నా భయంరా నాన్నా. నీ దగ్గర అరిస్తే నీదైపోతుంది," అంది నూకాలు.

వాడికేం అర్థమవుతుంది? ఆ మాట పూర్తిగా వినకుండానే ఇంకో పురుగు వెంట పరిగెత్తాడు. నూకాలు పిలవలేదు, చూస్తూ నిలబడింది.

నీతి: బిడ్డ కోసం భయపడటం తప్పు కాదు. ఆ భయంతో బిడ్డ నెత్తిమీద కూర్చుని అరవడమే తప్పు.