పల్లకీ దించిన బోయీ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో బండి నడిచే దారులు తక్కువ, బోయీలు నడిచే దారులు ఎక్కువ. పల్లకీ వస్తోందంటే ముందు పాట వచ్చేది, తర్వాత పల్లకీ వచ్చేది. ఆహా, ఏం రోజులర్రా అవి!

బోయీలందరికీ పెద్ద అప్పలసూరి. అరవై దాటినవాడు. ఇప్పుడు మొయ్యడు, వెండిపొన్ను కర్ర పట్టుకుని పల్లకీ పక్కన నడుస్తాడు. రాజమాత కొత్త పెళ్ళికూతురై కోటకు వచ్చిన నాడు ముందు భుజం పట్టింది ఆయనే.

బోయీల పాట ఊరికే పాట కాదు. వెనక మోసేవాడికి దారి కనబడదు కదా! అందుకని ముందువాడు "ముల్లుందిరో" అంటాడు. వెనకవాళ్ళు "చూసితిమో" అంటారు. "బురదుందిరో" అంటే "దాటితిమో" అంటారు. అలా ఆరుగురూ ఒక్క మనిషిలా నడిచేవారు.

ఇలా ఉండగా ఒక శిల్పి కంచు చిలుకను చేసి తెచ్చాడు. అబ్బో, దాని తెలివి ఏమని చెప్పను! దేశంలోని బాటసారులు చెప్పిన దారులన్నీ దాని బుర్రలోనే ఉన్నాయి. పల్లకీ కొమ్ము మీద కూర్చోబెడితే చాలు, ఎక్కడ రాయి, ఎక్కడ మలుపు, అన్నీ అదే చెప్పేది. చిలుక చెబుతుంటే మన నోళ్ళకు నొప్పి ఎందుకని బోయీలు పాట మానేశారు. అప్పలసూరికి మాత్రం పాట లేని పల్లకీ చూస్తే దిగులేసేది.

ఒకనాడు కమలపాడు నుంచి కబురొచ్చింది. రాజమాత అక్కగారికి ఒంట్లో బాగాలేదు, నేడో రేపో అన్నట్టుంది. రాజమాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాయనా, మా అక్క కళ్ళు మూసేలోగా నన్ను చేర్చు" అంది కొడుకైన రాజుతో.

మంత్రి ముందుకొచ్చాడు. "ప్రభూ, బోయీలను కూడా ఈసారి చిలుకే ఎంచుతుంది. ఒకే ఎత్తు, ఒకే అడుగు, చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు."

చిలుక ఐదుగురిని ఎంచింది. ఐదుగురూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. అప్పలసూరి మనసు చివుక్కుమంది.

"ప్రభూ, ఆరో భుజం నాకు విడిచిపెట్టండి. ఆ ఒక్కణ్ణీ నేను ఎంచుకుంటాను."

"వాడు తప్పు చేస్తే?" అన్నాడు మంత్రి.

"ఈ కర్ర తమ పాదాల దగ్గర పెట్టి ఇంటికి పోతాను."

అప్పలసూరి తాత నాటి పరీక్ష ఒకటుంది. గడకర్రకు నీళ్ళకుండ కట్టి, వచ్చినవాణ్ణి ముందుంచి, తాను వెనక భుజం పట్టాడు. "నేను చెప్పినట్టు నడు" అని, గొయ్యి ఉన్న వైపే నడిపిస్తూ "చదునుందిరో" అన్నాడు.

మొదట వచ్చినవాడు వస్తాదు. "చదునే, చదునే" అంటూ నడుములోతు గోతిలో దిగబడ్డాడు. రెండోవాడు గొయ్యి చూశాడు. నోరు మెదపకుండా తాను మాత్రం గెంతాడు. పాపం, వెనకున్న అప్పలసూరి కుండతో సహా గోతిలో పడ్డాడు!

మూడోవాడు దాలప్ప. అందరికన్నా జానెడు పొట్టి, నలభై ఏళ్ళవాడు. గొయ్యి దగ్గర కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు.

"ఆగు మావా! చదునెక్కడుంది? ముందు గొయ్యుంది, కళ్ళు పోయాయా నీకు?"

బట్టల మీది మట్టి దులుపుకుంటూ అప్పలసూరి నవ్వాడు. "భుజం నీదిరా" అన్నాడు.

ఆ పొట్టివాణ్ణి చూసి మంత్రి పగలబడి నవ్వాడు. దాలప్ప కంబళి నాలుగు మడతలు పెట్టి భుజానికెత్తుకున్నాడు. ఎత్తు సరిపోయింది.

పొద్దు పొడవగానే పల్లకీ కదిలింది. మంత్రి గుర్రమెక్కాడు. "పాటేదయ్యా సూరన్నా?" అంది రాజమాత తెర వెనక నుంచి.

"చిలుక ఉందమ్మగారూ, మా పాట ఎవరిక్కావాలి?" అన్నాడు ఆయన.

చిలుక "ఎడమ దారి పట్టండి" అంది. దారి దగ్గరైంది. "జారుడు బండ, కుడికి జరగండి" అంది. నిజంగానే బండ ఉంది. 'పిట్ట గట్టిదే' అని అప్పలసూరి కూడా ఒప్పుకున్నాడు.

మూడోసారి "వాగు. మోకాలి లోతు. దాటండి" అంది.

ముందు భుజం పట్టిన దాలప్ప ఆగిపోయాడు. "వద్దు! నురగా ఎండుటాకులూ కొట్టుకొస్తున్నాయి. పైన వాన పడింది, వాగు పొంగుతోంది."

"చిలుక దాటమంది కదా!" అని ఐదుగురూ ముందుకు నెట్టారు.

పెద్ద చెప్పకుండా పల్లకీ దించిన బోయీకి జన్మలో మళ్ళీ భుజం దక్కదు. అది వాళ్ళ కట్టుబాటు. దాలప్ప పెద్దాయన వైపు చూశాడు.

"మావా, దించేస్తున్నా."

అప్పలసూరి చూపు మందగించి నాలుగేళ్ళయింది. ఆయనకు ఆకులు కనబడలేదు, నురగా కనబడలేదు. ఆలస్యమైతే అమ్మగారికి అక్క దక్కదు. దాలప్పది తప్పయితే తన కర్ర పోతుంది. ఆయనకు కనబడింది దాలప్ప ముఖమొక్కటే. గోతి దగ్గర చూసిన ముఖమే అది.

"దించండిరా!" అని కర్రతో నేల మీద కొట్టాడు.

పల్లకీ గట్టున దిగింది. మంత్రి మండిపడుతూ నోరు తెరిచాడు. ఆ నోరు మూసేలోపే వాగు హోరున విరుచుకుపడి, చెట్లకు చెట్లనే వేళ్ళతో లాక్కుపోయింది. ఐదుగురూ నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఎందుకు చెప్పలేదే?" అని మంత్రి చిలుకను గద్దించాడు.

"నాకు చెప్పిన వాగునే నేను చెప్పాను. ఇవాళ్టి వాగును నాకెవరూ చెప్పలేదు" అంది చిలుక.

"పోనీ, వాగులో దిగకుండా దారుందా?" అన్నాడు దాలప్ప.

"ఉంది. కొండ మీద రాతి వంతెన. ఆ దారిన పోయినవాళ్ళు తక్కువ. ముళ్ళెక్కడో, రాళ్ళెక్కడో నాకు తెలియదు."

"అవి మేం చూసుకుంటాంలే" అన్నాడు దాలప్ప. పల్లకీ లేచింది. "ముల్లుందిరో!" అని గొంతెత్తాడు.

వెనక ఐదుగురూ తడబడ్డారు. వాళ్ళకు బదులు పలకడం అలవాటు తప్పింది. అంతలో తెర వెనక నుంచి రాజమాత గొంతు సన్నగా పలికింది, "చూసితిమో!"

అప్పలసూరి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వెంటనే ఐదుగురూ అందుకున్నారు. కొండ ఎక్కినంతసేపూ పాట, దిగినంతసేపూ పాట.

దీపాలవేళకు కమలపాడు చేరారు. మంచం మీద అక్కగారు కళ్ళు తెరిచి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఇందాకే పోవాల్సిన ప్రాణమే. పొలిమేరలో బోయీల పాట వినబడింది. నువ్వొస్తున్నావని ఉగ్గబట్టుకున్నాను" అంది.

చిలుక నేటికీ పల్లకీ కొమ్ము మీదే కూర్చుంటోంది. బోయీలను మాత్రం గోతి దగ్గరే ఎంచుతున్నారు.

నీతి: అన్నీ తెలిసిన చిలుక చెబుతున్నా సరే, కళ్ళతో చూసి "ఆగు" అనే మనిషీ, ఆ మాట నమ్మే పెద్దా ఉన్న జట్టే ఒడ్డు చేరుతుంది.