ఐసు నీళ్లలో చెయ్యి

పార్వతీపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెప్పే పట్టాభి, జవాబు ముందే తేల్చుకుని ఆ తర్వాత ప్రయోగం మొదలుపెట్టే మనిషి. చదువుకున్నవాడే. పాఠం బాగా చెప్పేవాడు. కానీ ఎవరైనా "అలా కాకపోతేనో?" అని అడిగితే ముఖం ముడుచుకునేవాడు.

మనోబలం ఉన్నవాడికి నొప్పి లొంగిపోతుందని ఆయన నమ్మకం. దాన్ని నిరూపించడానికి ప్రతి ఏడూ ఒక ప్రయోగం చేయించేవాడు. స్టీలు బేసిన్‌లో ఐసు ముక్కలు వేసి, నీళ్లు పోసి, పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పెట్టమనేవాడు. ఎవరు ఎక్కువసేపు ఉంచితే వాళ్లకి అంత మనోబలం ఉన్నట్టు. పిల్లలు చెయ్యి పెట్టడం, కెవ్వున లాక్కోవడం, పక్కవాళ్లు నవ్వడం. "సార్, నా మనోబలం మణికట్టు దాకానే ఉంది" అని ఈసారి ఒక అమ్మాయి చెయ్యి విదిలించుకుంటూ అంది.

అప్పుడే డ్రిల్లు మాస్టారు సింహాచలం వరండాలో వెళ్తూ లోపలికి తొంగి చూశాడు. యాభై దాటినా కుర్రాళ్లతో సమానంగా గ్రౌండులో పరిగెత్తే మనిషి ఆయన.

"ఏటి పట్టాభి మాస్టారూ, చేపలమ్ముతున్నారా?" అన్నాడు.

"మీరు రండి. అసలైన మనిషి ఎలా ఉంటాడో వీళ్లకి చూపిద్దాం" అన్నాడు పట్టాభి.

సింహాచలం చొక్కా చెయ్యి మడిచి బేసిన్‌లో పెట్టాడు. పెట్టి, వాలీబాల్ నెట్టు చిరిగిపోయిందనీ, కొత్తది కొనమంటే ప్రిన్సిపాలు వినడం లేదనీ చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఐసు సగం కరిగింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చివరికి పట్టాభే "ఇక తీసెయ్యండి" అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"చూశారా? నొప్పి లేక కాదు. ఈయన దాన్ని లెక్కచెయ్యలేదు" అన్నాడు పట్టాభి.

పక్క గదిలో జువాలజీ చెప్పే వనజాక్షి చప్పట్లు విని వచ్చింది. సంగతి అడిగి తెలుసుకుంది.

"మాస్టారూ, నొప్పి చేతిలో ఉండదు కదా. చర్మంలో ఉన్న నరాల చివరలు కబురు పంపాలి. అది వెన్నుపాము దాటి మెదడుకి చేరాలి. అప్పుడే మనకి నొప్పి. ఈయన చెయ్యి లాక్కోలేదంటే, కబురు అందినా ఓర్చుకున్నాడేమో. లేదా కబురే అందలేదేమో. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి" అంది.

"అయితే ఏం చెయ్యమంటారు?"

"కళ్లు మూసుకోమనండి. ఒకసారి చన్నీళ్లు, ఒకసారి గోరువెచ్చటి నీళ్లు పెట్టి, ఏ నీళ్లో చెప్పమనండి. తేలిపోతుంది."

పట్టాభి ముఖం ముడుచుకున్నాడు. "మేడం, కప్పల్ని కోసే గదిలో నేను సలహాలివ్వను. మీరూ ఇక్కడ ఇవ్వకండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. వనజాక్షి తన గదికి వెళ్లిపోయింది. అదీ తప్పే. ఒక మనిషి ఒళ్లు ప్రమాదంలో ఉందని అనుమానం వచ్చినప్పుడు, నవ్వారని వెనక్కి తగ్గకూడదు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర సింహాచలం మెల్లగా అన్నాడు. "మాస్టారూ, ఈమధ్య నాకు కాళ్లు దూది మీద నడిచినట్టుంటున్నాయి. దాహం కూడా ఎక్కువైంది. విజయనగరం వెళ్లి చూపించుకోమని మా ఇంటిది పోరుతోంది. వెళ్దామా అనుకుంటున్నాను."

పట్టాభి నవ్వేశాడు. "మీకు ఆసుపత్రి ఎందుకండీ? మీ ఒంటికి మీ మనసు తాళం వేసింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనేదో పేరు పెట్టి మిమ్మల్ని రోగిని చేస్తాడు. వార్షికోత్సవంలో మిమ్మల్ని అందరికీ చూపించాలనుకుంటున్నాను. ఈసారి రెండు కాళ్లూ ఐసులో పెడదాం."

సింహాచలానికి ఆ మాట తీపిగా తగిలింది. ఇంటికెళ్లి భార్య పైడితల్లితో "ఆసుపత్రి లేదు, ఏటీ లేదు. నాది మనోబలమని సైకాలజీ మాస్టారే చెప్పారు" అన్నాడు.

"ఆ మాస్టారు నీ కాలు పట్టుకుని చూశాడా?" అని అడిగింది పైడితల్లి.

"కాలెందుకు చూస్తాడు? చెయ్యి చూశాడు."

"మరి నేను చూస్తున్నాను కదా. అరికాల్లో పుండు పడింది. నీకు తెలీడం లేదు."

"తెలిసినా లెక్కచెయ్యను. అదే బలం" అన్నాడాయన. అప్పటినుంచి గ్రౌండులో మోకాలు గీరుకుని ఏడ్చిన పిల్లల్ని "నన్ను చూసి నేర్చుకోండి" అని గద్దించేవాడు.

వార్షికోత్సవం వచ్చింది. పొద్దుటినుంచీ సింహాచలం గ్రౌండులోనే ఉన్నాడు. షామియానా కర్రలు పాతించాడు, రేకులు మేకులతో కొట్టించాడు, పిల్లల చేత కవాతు చేయించి వాళ్ల ముందు తనూ నడిచాడు. మధ్యాహ్నం దాటాక పట్టాభి మైకు పట్టుకుని వేదికెక్కాడు. బేసిన్ తెచ్చి పెట్టారు. ఐసు వేశారు. ముందు వరసలో తల్లిదండ్రులు, చిన్నపిల్లలు, వాళ్ల మధ్య పైడితల్లి.

"ఇప్పుడు మీరు ఒక అద్భుతమైన మనిషిని చూడబోతున్నారు" అన్నాడు పట్టాభి. "మనసు గట్టిదైతే శరీరం ఎలా మాట వింటుందో..."

సింహాచలం కుర్చీలో కూర్చుని కుడి కాలి బూటు విప్పాడు. ఎడమ కాలి బూటు రాలేదు. గట్టిగా లాగాడు. ఊడి వచ్చింది.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది. తర్వాత ఆమె తల్లి. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు.

తెల్లగా ఉండాల్సిన మేజోడు మడమ నుంచి వేళ్ల దాకా నల్లగా, తడిగా ఉంది. ఊడిన బూటు లోపల ఒక రేకు మేకు నిటారుగా నిలబడి ఉంది. అడుగున తల, లోపల మొన. పొద్దున షామియానా దగ్గర తొక్కిన మేకు. దాని మీదే ఆయన కవాతు చేశాడు. దాని మీదే మెట్లెక్కి వేదిక మీదికొచ్చాడు.

ఆయన మాత్రం తన కాలి వైపు చూడలేదు. జనం ముఖాలు చూస్తున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఏటి, అందరూ అలా చూస్తన్నారేటి?" అన్నాడు.

పట్టాభి చేతిలో మైకు ఉంది కాబట్టి, ఆయన ఊపిరి పీల్చుకోవడం గ్రౌండంతా వినబడింది. పైడితల్లి పరుగున వేదికెక్కి, నేల మీద కూలబడి, ఆ కాలు ఒళ్లోకి తీసుకుంది. ఆమె చీర తడిసింది. సింహాచలం ఆ ఎరుపు చూసి కంగారుగా అడిగాడు.

"ఎవరి రక్తమే ఇది?"

ఆ మాట విన్నవాళ్లెవరూ ఇప్పటికీ మర్చిపోలేదు.

విజయనగరంలో డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమంది. దూదితో కాళ్లు తాకింది, తర్వాత చేతులు. "తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. ఆయన ఏమీ చెప్పలేదు. "ఇంకా మొదలుపెట్టలేదేటమ్మా?" అని అడిగాడు.

రక్తంలో చక్కెర చాలా ఎక్కువగా ఉంది. ఏళ్ల తరబడి అది నరాల్ని తినేసింది. మేకు కంటే ముందు నుంచే ఉన్న పుండు లోపల కుళ్లిపోయింది.

"చేతుల దాకా వచ్చిందంటే కాళ్లలో ఎప్పుడో మొదలై ఉంటుంది. ఎవరూ గమనించలేదా?" అని డాక్టరు అడిగింది.

వాళ్ల వెంట వచ్చిన పట్టాభి తల దించుకుని ఐసు నీళ్ల సంగతి చెప్పాడు. డాక్టరు రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టింది.

"అంటే మీ దగ్గర రోగం బయటపడింది. మీరు దానికి చప్పట్లు కొట్టించారు. అప్పుడే పంపి ఉంటే పోయిన నరాలు తిరిగి రాకపోయినా పాదం మిగిలేది" అంది.

పాదం సగం తీసేశారు. మళ్లీ గ్రౌండులో పరిగెత్తే యోగం సింహాచలానికి లేకుండా పోయింది.

మంచం పక్కన నిలబడి పట్టాభి "నన్ను క్షమించండి" అన్నాడు.

సింహాచలం కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మీకు వీరుడు కావాల్సొచ్చాడు మాస్టారూ. నాకూ వీరుణ్ణనిపించుకోవాలని ఆశ పుట్టింది. నా కాలేమైందని పైడితల్లి ఒక్కతే అడిగింది. దాని నోరు మనిద్దరం కలిసి మూయించాం."

పట్టాభి తిరిగి కాలేజీకి వెళ్లి మొదట వనజాక్షి గదిలో ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. తర్వాత క్లాసుకి వెళ్లి, తాను చెప్పిన పాఠం ఎక్కడ తప్పో పిల్లల ముందు నిలబడి చెప్పాడు. మంచిపనే. కానీ పోయిన పాదం దానితో రాదు.

పిల్లలూ, నొప్పి మన శత్రువు కాదు, మన కాపలాదారు. దాని కేక వినబడకపోతే అది ధైర్యమని మురిసిపోకండి, ఎందుకు వినబడలేదో కనుక్కోండి. ఏ పరీక్ష చేసినా మీ నమ్మకం తప్పేమో చూడటానికే చెయ్యండి. ఒప్పని చూపించుకోవడానికి చేసే పరీక్షలో దెబ్బ తినేది మీ నమ్మకం కాదు, ఎదుటి మనిషి.