ముప్పై రెండు గళ్ళ వీరుడు

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పినా చెబుతాను. ఈమధ్య నా బుర్రలో పోగులు చిక్కుపడుతున్నాయి. అయినా తెలివితక్కువతనానికి వరసేమిటి, ఎటు నుంచి విన్నా నవ్వే వస్తుంది. పైగా వాళ్ళు మాకు దగ్గరి చుట్టాలు, నవ్వేటప్పుడు నన్నూ కలుపుకోండి.

ఆ ఇంట్లో ముగ్గురు: ఐలమ్మ, మొగుడు ముత్తిలింగం, మరిది కొమురయ్య. ఇక్కత్ చీరలు నేసే ఇల్లు. గళ్ళ కాగితం మీద ఐలమ్మ డిజైన్ గీస్తే, ఆ గళ్ళ లెక్కనే అన్నదమ్ములు నూలుకు ముడులు కట్టి రంగులద్దేవాళ్ళు.

"చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు ఈ వాడకట్టుల మనదొక్కటే," అని ముత్తిలింగం మీసం దువ్వేవాడు.

"తెలివి ఎక్కువైతే పక్కింటోళ్ళకు అరువిస్తం గని, మనం ఎవ్వర్నీ అడగం," అనేవాడు కొమురయ్య.

ఒకరోజు పట్నం నుంచి రుబీనా అనే అమ్మాయి చీర కొనడానికొచ్చింది. కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుందట. ఐలమ్మ కాగితాలు చూసి చీర సంగతే మరిచిపోయింది.

"అక్కా, మా ఆటలో వీరుడు కూడా ఇట్లా గళ్ళతోనే ఉంటాడు. అడ్డం ముప్పై రెండు, నిలువు ముప్పై రెండు, గడికొక్క రంగు. శనివారం లోపల గీసిస్తే ఆట మొదట్లో తెర మీద నీ పేరు వేస్తాం."

ఐలమ్మ ముప్పై ఏళ్ళుగా గీస్తోంది. నేసినాయన పేరు అందరికీ తెలుసు, అమ్మిన కొట్టు పేరు తెలుసు, గీసినామె పేరు మాత్రం ఏ అంచు మీదా లేదు. ఒక్కసారి కనబడితే చాలు. అంతే, పెన్సిలు చెక్కింది.

గీసి, ఫోన్లో ఫొటో పంపింది.

"బాగుంది గానీ అక్కా, చిన్న బొమ్మకు ఇన్ని వివరాలొద్దు. ముక్కు తీసెయ్. చూసేవాళ్ళు ఊహించుకుంటారు," అంది రుబీనా.

ముక్కు తీసేసింది.

"ముక్కు ఊహించుకునేటోళ్ళు మూతి ఊహించుకోలేరా?" అన్నాడు కొమురయ్య. మూతి పోయింది.

"తలకాయ ఉన్నోనికి కాళ్ళుండయా? అడగాల్నా?" అన్నాడు ముత్తిలింగం. ఇంకేముంది, కాళ్ళూ పోయాయి, ఆ వెనకే తలకాయా పోయింది. తెల్ల కాగితం ఫొటో పంపారు.

"అక్కా, వీరుడేడీ?"

"ఊహించుకో బిడ్డా."

మళ్ళీ గీసింది, ఈసారి పచ్చ చొక్కా తొడిగింది.

"దూరం నుంచి చూసినా వీడెవడో తెలియాలి, అట్లా ఉందో లేదో చూసుకో," అంది రుబీనా. అంతే, కాగితాన్ని తలుపుకు అంటించి ముగ్గురూ బస్సెక్కారు. పక్క ఊళ్ళో దిగి, వెనక్కి తిరిగి కళ్ళు చిట్లించి చూశారు.

"కనిపిస్తుండా?"

"వీరుడు కాదు, మన ఊరే కనిపిస్తలేదు. గంత చిన్నగ గీస్తవా వదినా!"

ఐలమ్మ దారి పొడుగునా ఏడ్చింది. తిరిగొచ్చేసరికి పక్కింటి మేక ఆ పచ్చ చొక్కాను ఆకులనుకుని నమిలేసింది.

"జూసినవా, మేకకు దూరం నుంచే తెలిసింది," అన్నాడు ముత్తిలింగం. "బొమ్మ మంచిదే. మనకే కళ్ళు లేవు."

శుక్రవారం రానే వచ్చింది. "వీరుడు నడవాలక్కా," అంది రుబీనా. "కాళ్ళు మారుస్తూ నాలుగు బొమ్మలు గీస్తే చాలు, వాటినే తిప్పి తిప్పి నడిపిస్తాం."

ముత్తిలింగాన్ని ఎదురుగా నిలబెట్టింది. "నేను చెప్పేదాక కాలు దించకు," అని మూడు బొమ్మలు గీసి, పొయ్యి మీది పప్పు గుర్తొచ్చి లోపలికెళ్ళింది. పప్పు ఉడికింది, తాలింపు పడింది, కొమురయ్య భోజనమూ అయింది. ముత్తిలింగం మాత్రం ఒంటికాలి మీదే ఉన్నాడు.

"కాలు దించరాదా అన్నా?"

"మీ వదిన చెప్పలే గదరా," అంటూనే బోర్లా పడ్డాడు. ఐలమ్మ పరుగెత్తుకొచ్చి, నాలుగో బొమ్మగా దాన్నే గీసేసింది.

నాలుగు బొమ్మలూ పంపితే రుబీనా తిప్పి చూసింది. ఆ వీరుడు మూడడుగులు వేస్తాడు, మూతి పగిలేలా పడతాడు, లేచి మళ్ళీ మూడడుగులు వేస్తాడు. రుబీనా కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఇదే ఖాయం అక్కా! ఇంక ఒక్క గడి కూడా ముట్టకు. బొమ్మ చుట్టూ మాత్రం ఏమీ ఉండొద్దు, కొండలూ ఇళ్ళూ మేం పెట్టుకుంటాం. కింద నీ పేరు రాసి పంపు. నువ్వేం రాస్తే మా ఆఫీసువాళ్ళు అక్షరం మార్చకుండా అదే వేస్తారు."

ఐలమ్మ గుండ్రటి అక్షరాలతో పేరు రాసుకుంది. తర్వాత చుట్టూ చూసింది. మంచాలు బయటికి, బిందెలు బయటికి, సగం నేసిన చీరతో సహా మగ్గం విప్పి బయటికి! ఖాళీ గదిలో నేల మీద వీరుడొక్కడే మిగిలాడు. కొమురయ్య కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగింది ఐలమ్మ.

"ఉన్నది వదినా. వాని కింద నీ పేరున్నది."

చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లాయె. ఐలమ్మ రబ్బరు తీసుకుని, కళ్ళు మూసుకుని, పేరు తుడిచేసింది. మరిచిపోయి రాయలేదనుకుంటారేమోనని అక్కడే "ఇక్కడ ఏమీ లేదు" అని రాసి పంపింది.

నెల తిరిగేసరికి ఆట వచ్చింది. వాడకట్టంతా కొమురయ్య ఫోన్ చుట్టూ మూగింది. తెర వెలిగింది: "బొమ్మ గీసినవారు: ఇక్కడ ఏమీ లేదు."

"నీ పేరేదే?" అన్నాడు ముత్తిలింగం.

ఐలమ్మ కొంగు బిగించి, తలుపుకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా తెచ్చింది. ఫోన్ అద్దం మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, ఐలమ్మ అని రాసేసింది.

"గిప్పుడు జూడుండ్రి, పడ్డది పేరు!"

కొమురయ్య మురిసిపోయాడు. వార్తలు పెట్టినా, సినిమా పెట్టినా, ఎవరు ఫోన్ చేసినా వదిన పేరే వస్తోంది! ముత్తిలింగం వెంటనే తన ఫోనూ ముందుకు చాపాడు.

శకుంతలా, ఇందాకటి నుంచీ నా పక్కనే కూర్చుని వింటున్నావు, నువ్వు ఆ ఇంటి ఆడపడుచువే కదా, ఐలమ్మ మరిది పేరు కొమురయ్యేనా, కొమురెల్లా? పేర్లు ఒకసారి సరిచూడమ్మా.