అడుగు పడని ముగ్గు

గురులింగస్వామి అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాడు. ఎవరేమడిగినా కాసేపు కొండ కింద ఎండలో తెల్లగా ఊగుతున్న ఊరివంక చూసేవాడు. అలా చూశాడంటే ఇక కథే వస్తుందని శిష్యులకు తెలుసు.

ఆ రోజు అడిగినవాడు చెన్నప్ప. అతనుండే వీధిలో వారం తిరక్కుండా రెండిళ్ళు దోచారు. వేసవి కదా, పెళ్ళిళ్ళకనీ చుట్టాలిళ్ళకనీ జనం ఊళ్ళు పోతుంటారు, దొంగలకు అదే అదను. పోలీసులొచ్చి, కొత్తవాళ్ళ ముందు ప్రయాణాల మాట ఎత్తొద్దనీ, పోయేముందు పక్కింట్లో చెప్పి పొమ్మనీ చెప్పిపోయారు. అయినా వీధివాళ్ళకు ధైర్యం చాల్లేదు. అందుకే చెన్నప్పను కొండ మీద స్వామి దగ్గరికి పంపారు. "స్వామీ, ఇంట్లో మనుషులు లేరని దొంగకు తెలియకుండా చేసేదెట్లా?" అని అడిగాడతను.

స్వామి ఊరివంక చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

వయసులో ఉండగా దేశం తిరుగుతూ ఆయన ఒక నేతగాళ్ళ వీధి చేరాడట. అక్కడా ఇదే భయం. తెల్లారి కల్లాపి పడని వాకిలి, ముగ్గు లేని గడప కనిపిస్తే దొంగకు ఇంకో ఆనవాలు ఎందుకు? అయితే ఆ వీధి ఆడవాళ్ళు దొంగను మించినవాళ్ళు. ఊరెళ్ళే ఇల్లాలు పక్కింటామె చెవిలో మాత్రం మాట వేసేది. ముందు తలుపుకు తాళం వేలాడితే గుట్టు బయటపడుతుందని, దానికి లోపల గడియ పెట్టి, పెరటి తలుపుకు బయట తాళం వేసి ఆ దారిన పోయేది. పొద్దు పొడవకముందే పక్కింటామె వచ్చి ఆ వాకిలి కూడా ఊడ్చి, కల్లాపి చల్లి ముగ్గేసేది. ఎవరింట్లో మనుషులున్నారో, ఎవరింట్లో లేరో వీధిలో ఒకరినొకరు అడక్కూడదని కట్టుబాటు. కొత్తవాడెవడైనా అడిగితే ఉన్నారు, పండుకున్నారు అనాలి. నెల గడిచింది. చూసేవాడికి వీధి వీధంతా కాపురాలతో నిండుగా ఉన్నట్టే ఉండేది. ఒక చెంబు కూడా పోలేదు.

స్వామి భిక్షకు వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. ఎండకు మగ్గాలన్నీ ఆగిపోయి, వీధి ఊపిరి బిగపట్టినట్టుంది. వాకిళ్ళలో ముగ్గులన్నీ పొద్దుటినుంచి తిరిగిన కాళ్ళకింద చెరిగిపోయాయి. చివరి ఇంటి ముందు మాత్రం పద్మం పద్మంలాగే ఉంది. గాలే వచ్చి దాన్ని అక్కడ పరిచి పోయినట్టు ఒక్క చుక్క చెదరలేదు. మూసిన తలుపు వెనక ఏదో చప్పుడు. టక్. చాలాసేపటికి మళ్ళీ, టక్. ఆయన "తల్లీ" అని పిలిచాడు. చప్పుడు గబగబా నాలుగైదుసార్లు వినబడి ఆగిపోయింది. ఎవరూ రాలేదు. పెట్టడానికేమీ లేక సిగ్గుపడుతున్నారేమో అనుకుని ముందుకు సాగాడు.

మర్నాడు అక్కడ కొత్త ముగ్గు. తీగలు తీగలుగా ఎంతో అందంగా ఉంది. దాని మీదా అడుగు లేదు. బియ్యప్పిండి ముగ్గు కదా, చీమలు వచ్చాయి. కానీ అవి పిండిని ముట్టుకోవడం లేదు. ముగ్గు దాటి బారుగా తలుపు కిందనుంచి లోపలికి పోతున్నాయి. లోపల, టక్. నిన్నటికన్నా సన్నగా.

మూడోరోజు పక్కింటి అరుగు మీద చింతగింజలు కొడుతున్న పుల్లక్క దగ్గర ఆగి, ఆ ఇంట్లో ఎవరున్నారమ్మా అని అడిగాడు. ఆమెకు నేర్చుకున్న మాటే నోటికొచ్చింది.

"ఓబుళమ్మవ్వ ఉంది సామీ. పండుకోనుంది."

"మూడు దినాలుగా ఆ ముగ్గు మీద అడుగు పడలేదు తల్లీ. గడప దాటని మనిషికి వాకిట్లో ముగ్గు ఎవరు వేస్తున్నారు?"

పుల్లక్క చేతిలో సుత్తి ఆగిపోయింది. ముగ్గు తనే వేస్తున్నానని ఒప్పుకుంది. ఒంటరి ముసలామె ఓబుళమ్మ, చెల్లెలి ఊరికి పోతానని తన చెవిలో చెప్పిందట. లేని మనిషి ఇంట్లోంచి చప్పుడు వస్తుంటే, చచ్చిపోయిన ఆమె మొగుడే మగ్గం మీద కూర్చున్నాడని వణికిపోతూ ముగ్గు వేసిందట. ఎవరికైనా చెబితే ఇల్లు ఖాళీ అని బయటపడుతుంది, అందుకని చెప్పలేదు. మిగతా వీధికేమో ఆమె ఊరెళ్ళే సంగతే తెలియదు. చప్పుడు విని, ఈ ముసలిదానికి ఎండా లేదు ఏమీ లేదు, మగ్గానికే పుట్టింది అని నవ్వుకున్నారు.

పుల్లక్క కేకలకు వీధివాళ్ళంతా ఆ ఇంటి పెరట్లోకి పరుగెత్తారు. పెరటి తలుపుకు బయట తాళం లేదు. అదీ లోపలే గడియ వేసి ఉంది. మగవాళ్ళు గునపాలతో పెకలించారు.

ఓబుళమ్మ మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో పడి ఉంది. ప్రయాణపు మూట గోడవారన కట్టింది కట్టినట్టే ఉంది, అందులోని తిండికి చీమలు పట్టాయి. బయల్దేరే ముందు మగ్గం మీద గుడ్డ కప్పబోయి కాలు జారిందట, తుంటి విరిగింది. నీలం నూలు చుట్టిన కండెలు నానేసిన గిన్నె చేతికందింది కాబట్టి ఆ నీళ్ళే తాగి ఉంది. పెదవులు నీలిరంగుతో నల్లబడ్డాయి. మగ్గం కట్టెను కొట్టీ కొట్టీ, పడుగులో నూలు దూర్చే నాడె ఇంకా పిడికిట్లోనే ఉంది. ఆమె ఎవరినీ తిట్టలేదు. పుల్లక్కను మాత్రం గుర్తుపట్టింది.

"పొద్దున్నే నీ చీపురు చప్పుడు వింటానే ఉంటి పుల్లీ. పిలిస్తి. నువ్వు ముగ్గేసి పోతివి."

మంచం మీద ఆసుపత్రికి మోసుకుపోయారు. ప్రాణం నిలిచింది, కాలు మాత్రం మళ్ళీ స్వాధీనంలోకి రాలేదు. విని కూడా రెండు రోజులు దాటిపోయినవాళ్ళలో తనూ ఉన్నానని, అందుకే ఆ రోజు ఆ వీధిలో అన్నం ముట్టలేదని చెప్పి స్వామి ముగించాడు.

అయితే ఆ ఉపాయం మాకొద్దంటారా అని చెన్నప్ప అడిగాడు. మంచి ఉపాయమే నాయనా, చేసుకోండి అన్నాడు స్వామి.

చెన్నప్ప లేచి రెండు మెట్లు దిగి, మనసు ఆగక వెనక్కి తిరిగాడు. ఆ వేసవిలో ఆ వీధికి దొంగ వచ్చాడా అని అడిగాడు.

"రాలేదు," అన్నాడు స్వామి. "వచ్చుంటే, ఆ తలుపు మొదటి రోజే తెరుచుకునేది."