కదలని పల్లకీ

ఏరన్నది పారని ఒకానొక రాజ్యంలో ఒకే ఒక పెద్ద చెరువుండేది. పంటకూ దాహానికీ అదే ఆధారం. కట్ట దిగువన మూడు వందల గడపల ఊరు. ఆస్థాన విదూషకుడు తిరువెంగళయ్య కూతురు కాపురముండేది ఆ ఊళ్లోనే.

ఆ ఏడు ముసురు పట్టి విడవలేదు. కట్ట వెనుక ఊట పుట్టింది. ఊట తేటగా ఉన్నంతకాలం భయం లేదు. ఎర్రబడితే కట్ట లోలోపల కరుగుతున్నదన్నమాట. ఎర్రబడింది.

రాజు రేచభూపాలుడు భక్తుడు. తనంత భక్తుడు లేడని తానే చెప్పుకొనే భక్తుడు. ఆస్థాన పండితుడు నారసింహావధాని ఆయనకు బోధించాడు: "దైవమే రక్షకుడని నమ్మినవాడు పార పట్టరాదు. పడితే నమ్మకం లేనట్టే." రాజు వెంటనే శాసించాడు. ఏడు రోజుల పారాయణం ముగిసేదాకా కట్టమీద తట్టెడు మట్టి వేసినా వేసినవాడి చెయ్యి తెగుతుంది.

తిరువెంగళయ్య మూడుసార్లు మొరపెట్టుకున్నాడు. మూడుసార్లూ సభ నవ్వింది. విదూషకుడు ఏడ్చినా హాస్యమేననుకొనే సభ అది. చివరికి కూతుర్ని వచ్చేయమని కబురంపాడు. "ఊరంతా ఇక్కడుండగా నేనొక్కదాన్నీ ఎలా వస్తాను నాన్నా?" అని తిరుగు కబురు వచ్చింది.

ఏడవనాటి ఉదయం పూర్ణాహుతికి రాజు పల్లకీ ఎక్కాడు. పల్లకీ లేవలేదు. తెర తొలగించి చూస్తే, ఎనిమిదిమంది బోయీలూ వానలో బాసింపట్టు వేసుకొని, కళ్లు మూసి, చేతులు జోడించి కూర్చున్నారు.

"ఏమిరా, నిద్రా?"

"ప్రార్థన, ఏలినవారూ," అన్నాడు ముందుబోయీ కళ్లు తెరవకుండానే. "పల్లకీని స్వామే లేపుతాడు. మేం భుజం పెడితే నమ్మకం లేనట్టే గదా!"

"ఎవడు నేర్పాడురా ఈ మాట?"

"మాట అవధానులవారిది. వీళ్లకు చెప్పినవాణ్ణి నేను," అంటూ తిరువెంగళయ్య ముందుకు వచ్చాడు. "తల తీయవలసివస్తే నాది తీయించండి."

అవధాని ఉలిక్కిపడ్డాడు. "ప్రభూ! అది వేరు, ఇది వేరు."

"ఎట్లా వేరో సెలవియ్యండి స్వామీ. కట్టను మోసే దేవుడికి పల్లకీ బరువా?"

"మూర్ఖుడా! మొసలి నోట చిక్కిన ఏనుగు, తన బలం మీద ఆశ విడిచాకనే గదా హరి పరుగున వచ్చింది? పురాణం వినలేదా?"

"విన్నాను. వేయేళ్లు పెనుగులాడి, ఒళ్లు హూనమై, అప్పుడు విడిచింది. మనం ఒక్క తట్ట ఎత్తకుండానే విడిచాం. ఆ ఏనుగు ఊసెత్తే అర్హత మనకెక్కడిది?"

రాజు అవధాని వంక చూశాడు, బోయీల వంక చూశాడు. పల్లకీ కప్పునుంచి కారిన నీరు కిరీటం మీదుగా ముక్కుమీదికి జారుతుంటే ఒక్కసారిగా పకపక నవ్వాడు.

"ఏడు రోజులుగా నేనూ ఇట్లాగే కూర్చున్నానా!"

కడుపు పట్టుకొని నవ్వాడు. పరివారమూ నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా తిరువెంగళయ్య తల వంచుకొని నిలబడ్డాడు. ఆయనకు వినిపించింది వాన ఒక్కటే.

ఆపైన ఆజ్ఞ వెలువడింది. వెయ్యిమంది పారలు పట్టి కట్టకు పరుగెత్తారు. వాళ్లు చేరేసరికే కట్టకు పడమటి వైపు గండి పడింది. మధ్యాహ్నానికి దాన్ని పూడ్చారు. ఊరు నిలిచింది. పడమటి వాడలో ఇరవై ఇళ్లు మాత్రం అప్పటికే కొట్టుకుపోయాయి. తిరువెంగళయ్య కూతురిల్లు పడమటి వాడలోనిదే.

మూడవనాడు రాజు ఆయనను పిలిపించి, స్వహస్తాలతో బంగారు కంకణం తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"కట్టకు ఆపద వచ్చిననాడు ఎవరి సెలవూ అడగకుండా పార పట్టే హక్కు ప్రజలకు ఇప్పించండి."

"ఇంతేనా! వరమడగడంలోనూ విదూషకుడివేనయ్యా!" అని రాజు మళ్లీ నవ్వి, శాసనం రాయించి ఇచ్చాడు.

సభ కూడా నవ్వింది. తిరువెంగళయ్య ఆ శాసనం పుచ్చుకొని, ఇంకా దొరకని కూతుర్ని వెదకడానికి దిగువ ఊరికి నడిచాడు.