కొండలో గునపాల చప్పుడు

విహారంలో బావి ఎండిపోయింది. వేసవిలోగా నీళ్ళు రాకపోతే భిక్షువులంతా కొండ దిగి తలోదారి చూసుకోవాల్సిందే. నీళ్ళున్నది కొండ అవతలి ఊటలో. ఇటునుంచీ అటునుంచీ సొరంగం తవ్వుకుంటూ వచ్చి, కొండ మధ్యలో కలపాలని నిశ్చయించారు. పెద్ద భిక్షువు మహానాగుడు ఆ పని శిష్యుడు చందకుడికి అప్పగించాడు.

పని నడిపించడంలో చందకుడు దిట్ట. ఆ సంగతి అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. గునపం నేలను తాకకముందే ఎవరు తవ్వాలి, ఎవరు రాళ్ళు మొయ్యాలి, ఏ పున్నమికి ఎంతదూరం పోవాలి, అన్నీ తేల్చేశాడు. అవతలి వైపు పని తనకంటే చిన్నవాడైన విధికుడికి ఇచ్చాడు.

ఆ కొండల్లో తవ్వేవాళ్ళకు ఒక అలవాటుంది. ప్రమిదలో నూనె ఉన్నంతసేపు తవ్వుతారు. నూనె అయిపోగానే గునపాలు దించి, ఒకడు గుండ్రాయితో గోడమీద తడతాడు. అవతలివాళ్ళు అది వినగానే పని ఆపి తిరిగి తట్టాలి. జవాబు ఏ వైపునుంచి వచ్చిందో చూసుకుని, దారి సరిచేసుకుని, మళ్ళీ ప్రమిద వెలిగిస్తారు.

చందకుడి కంటికి ఇదంతా సోమరితనంగా కనిపించింది. గీత గీసి ఇచ్చాక ఇంక వినడానికేముంది అన్నాడు. రెండువైపులా ఆ అలవాటు మాన్పించేశాడు. తట్టొద్దు, ఆగొద్దు. ముసలివాళ్ళు గొణిగారు. కొండను తవ్వి ఎలుకను పట్టేలా ఉన్నాడని కింద ఊళ్ళో నవ్వుకున్నారు. పని మాత్రం జోరుగా సాగింది. మాఘం వెళ్ళేసరికి సొరంగం కొండ కడుపులోకి చాలా దూరం పోయింది.

ఒక ఉదయం ఎదుటి రాతిలోంచి గునపాల చప్పుడు వినిపించింది. సరిగ్గా చందకుడు చెప్పిన చోట, చెప్పిన పక్షంలో. అతని సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మర్నాడు గురువుగారిని తనే స్వయంగా లోపలికి తీసుకొచ్చాడు.

పనివాళ్ళు ఏమీ సంబరపడుతున్నట్టు లేరు. గోడకు దూరంగా ఒక పక్కన ముడుచుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు, నిన్నటినుంచి తాము ఇంత లోపలికి వచ్చినా ఆ చప్పుడు దగ్గరపడలేదని మెల్లగా చెప్పాడు. చందకుడు అతన్ని కసిరాడు.

మహానాగుడు దీపం కింద పెట్టి రాతికి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఒక గుండ్రాయి ఏరుకుని గోడమీద తట్టాడు. ఆగాడు.

లోపల గునపాలు ఆగలేదు.

మళ్ళీ తట్టాడు, ఈసారి గట్టిగా. పైనుంచి ఇసుక రాలింది. గునపాలు అదే వరసన పడుతూనే ఉన్నాయి. ఊపిరి తీసుకోవడానికైనా వాటికి విరామం లేదు.

"వాళ్ళు ఆగరు, భంతే. ఏం వినిపించినా ఆగొద్దని విధికుడికి నేనే చెప్పాను" అన్నాడు చందకుడు, కొంచెం గర్వంగానే.

గురువు అతనివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. చందకుడికి అది నచ్చలేదు.

అంతలో వెనకనుంచి, సొరంగం నోటివైపునుంచి, అడుగుల చప్పుడైంది. దీపం పట్టుకుని ఎవరో వస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే విధికుడు. ఒళ్ళంతా రాతిపొడి. అతని వెనక అతని మనుషులు.

మాట దాటినందుకు మన్నించమని విధికుడు చేతులు జోడించాడు. తమకూ ఎదురుగా చప్పుడు వినిపించిందట. చూద్దామని తట్టారట. ఎంతకీ జవాబు రాకపోయేసరికి మనసు ఒప్పక, నిన్న పని ఆపేసి కొండ చుట్టూ నడిచి వచ్చారట.

చందకుడు గోడవైపు తిరిగి చూశాడు. "మీవాళ్ళెవరైనా లోపల ఉండిపోయారా?"

"లేదన్నా. అందరం ఇక్కడే ఉన్నాం."

గోడలో గునపాలు పడుతూనే ఉన్నాయి. చందకుడు భయపడి గోడనుంచి వెనక్కి జరిగాడు. నిన్నంతా ఆ చప్పుడు విని తను ఎంత పొంగిపోయాడో తలుచుకుంటే ఇంకా భయం వేసింది. అవతల తవ్వుతున్నది ఎవరని గురువును అడిగాడు.

"మా గురువుగారి చిన్నతనంలో కొందరు ఈ కొండను తవ్వబోయారు" అన్నాడు మహానాగుడు. "మళ్ళీ బయటికి రాలేదు."

"ఇన్నేళ్ళయింది కదా, భంతే. ఇంకా ఎందుకు తవ్వుతున్నారు?"

గురువు గుండ్రాయి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆగమని చెప్పాల్సినవాడు కూడా వాళ్ళతోనే లోపల ఉన్నాడు, నాయనా."